ఎర్రబడని పసుపు

పెళ్లి చేసుకుని నేను పెర్కిట్‌లో అడుగుపెట్టిన రోజు, గడప ముందు ఎర్రనీళ్లు ఎర్రబడలేదు.

మా అత్తమ్మ గంగమణి ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు కలిపి, వేలి కొసతో సున్నం వేసి తిప్పింది. పసుపులో సున్నం పడగానే నీళ్లు ఎర్రబడాలి. ఆ నీళ్లతో కొత్త జంటకు దిష్టి తీసి వాకిట్లో పారబోయాలి. అత్తమ్మ తిప్పుతూనే ఉంది. నీళ్లు గుడ్డు సొనలా పచ్చగానే ఉన్నాయి.

"సున్నం ఎండిపోయిందేమోనే గంగమణీ," అంది పక్కింటి రత్నవ్వ. "నా డబ్బీలది వేసి చూడు. పొద్దుగాల్నే తడిపిన."

ఆకు, వక్క, సున్నం లేకుండా రత్నవ్వ వీధి చివరికి కూడా పోదు. నడుముకు దోపిన సంచిలోంచి డబ్బీ తీసి, ఇంత సున్నం గీరి పళ్లెంలో వేసింది. అయినా పచ్చగానే.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో, "పిల్ల అడుగు ఎసొంటిదో ఏమో," అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపు రావాల్సింది. కానీ సరిగ్గా అప్పుడే, నా చీర కుచ్చెళ్ల కింద, మా ఆయన కాలి బొటనవేలు నా చిటికెన వేలిని మెల్లగా తొక్కింది. నవ్వు ఆపుకోలేకపోయాను.

"అవ్వో! నవ్వుతున్నది సూడుండ్రి," అంది రత్నవ్వ. "నవ్వు బిడ్డా, నవ్వు. వీళ్ల మొహాలు చూస్తె నాక్కూడ నవ్వే వస్తున్నది."

చివరికి రత్నవ్వే తన ఇంటి పసుపు తెచ్చింది. చిటికెలో నీళ్లు ఎర్రబడ్డాయి. దిష్టి తీశారు, లోపలికి వచ్చాం. అత్తమ్మ మొహం మాత్రం వాడిపోయింది. తనూ, తన కొడుకూ పనిచేసే మిల్లు నుంచి, పెళ్లి కోసమని ప్రత్యేకంగా అడిగి కొంగున కట్టి తెచ్చుకున్న పసుపు అది. అంత రంగున్న పసుపు ఆర్మూర్‌లో ఇంకెవరింట్లోనూ లేదని నెల రోజులుగా అందరికీ చెప్పుకుందట.

నేను నిజామాబాద్‌లో కెమిస్ట్రీతో బి.ఎస్సీ. చదివాను. ఎర్రబడని పసుపును కళ్లారా చూసి కూడా ఒక్క ప్రశ్న వేసుకోలేదు. నా ధ్యాసంతా ఆ బొటనవేలి మీదే ఉంది.

అది పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది, మాఘమాసం. ఊరంతా పసుపు ఉడికించే రోజులు.

*

ఆయన పేరు గంగాకిషన్. రాయడం సులువే, పలకమంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. బాబురావు సేటు పసుపు మిల్లులో ఆయనది డ్రమ్ము పని. ఉడికి ఎండిన కొమ్ములను పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి మోటారు వేస్తే, కొమ్ములు ఒకదాన్నొకటి రాసుకుని పైతోలు ఊడి నున్నగా అవుతాయి. ఆఖరున డ్రమ్ము ఆపి, నీళ్లు చిలకరించి, సంచిలోంచి పాలిష్ పసుపు దోసిళ్లతో చల్లి, మోచేతులు మునిగేలా కలిపి మళ్లీ తిప్పాలి. అప్పుడు మట్టి రంగు కొమ్ములు బంగారు కడ్డీల్లా బయటికొస్తాయి. ఆ మెరుపు కోసమే బయటి ఊళ్ల వ్యాపారులు సేటు మిల్లు వెతుక్కుంటూ వచ్చేవారు.

సాయంత్రం ఆయన సైకిల్ దిగుతుంటే కనురెప్పలు కూడా పచ్చగా ఉండేవి. పెళ్లిలో నలుగు పెట్టిన పెళ్లికొడుకు ఒక్కరోజుకే కడిగేసుకుంటాడు. నా పెళ్లికొడుకు రోజూ పసుపు పూసుకుని ఇంటికి వచ్చేవాడు. నేను బొక్కెన దగ్గర నిలబడి, "రండి, మళ్లా ముహూర్తం టైమైంది," అనేదాన్ని. మంచినీళ్ల గ్లాసు మీద, అద్దం అంచున, ఒక్కోసారి నా బుగ్గ మీద ఆయన వేలిముద్రలు పచ్చగా మిగిలేవి. నేను వాటిని తుడిచేదాన్ని కాదు.

ఆ రోజుల్లో నాకు అన్నీ ముచ్చటే. సైకిల్ వెనక కూర్చుని పెర్కిట్ నుంచి ఆర్మూర్ బజారుకు పోవడం ముచ్చట. మస్కట్‌లో తాపీ పని చేసే మామయ్య, మా ఆయన తండ్రి, సెలవు దొరక్క పెళ్లికి రాలేక, ఆశీర్వాదాన్ని క్యాసెట్‌లో పలికి పంపితే, మధ్యలో వినిపించే ఆయన దగ్గు కూడా ముచ్చటే. అన్నిటికంటే ముచ్చట మా ఆయన నవ్వు. పై వరస పళ్ల మొదట్లో, చిగురు మీద, సన్నని నీలం గీత ఒకటి ఉండేది. కంటికి కాటుక పెట్టినట్టు పళ్లకు ఎవరో కాటుక దిద్దారు అనుకున్నాను. అది ఇంకెవరికీ ఉండదని, నా కోసమే పుట్టిందని అనుకుని మురిసిపోయాను.

పెళ్లైన మూడో వారం సిద్ధులగుట్ట ఎక్కాం. నల్లటి బండల మధ్య మెట్లు. నేను ముందు పరుగెత్తుతూ వెనక్కి చూస్తే, ఆయన పదో మెట్టు మీద కూర్చున్నాడు. ఇరవయ్యో మెట్టు మీద మళ్లీ కూర్చున్నాడు.

"ఏంది, ముసలోళ్లు పైకెక్కి దిగి వస్తున్నరు, మీరు ఇంకా ఇక్కడ్నే ఉన్నరు?"

"నువ్వు ముందుకు పోతుంటే వెనకకెళ్లి చూడనీకి మంచిగుంది," అన్నాడు. అని నవ్వబోయి, కడుపు పట్టుకుని వంగిపోయాడు. చెమటలు పట్టాయి. కాసేపటికి నొప్పి తగ్గి, "మిల్లు నొప్పి. అందరికీ వస్తది. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

నేను ఆయన కింది కనురెప్ప లాగి చూశాను. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లటి గుడ్డలా ఉంది.

సర్కారు దవాఖానలో లేడీ డాక్టర్ రక్తం పరీక్ష చేయించి, "మగమనిషివి, ఇంత తక్కువ రక్తం ఏంది? తిండి తింటున్నవా?" అని కసిరి, ఐరన్ గోళీలు రాసింది. నేను రోజూ తోటకూర, బెల్లం, పల్లీలు పెట్టాను. గోళీలు మింగించాను. నెల తిరిగింది. కనురెప్ప లోపల తెలుపు తెలుపుగానే ఉంది. ఒకరోజు పొద్దున చాయ్ గ్లాసు ఆయన చేతిలోంచి జారింది. "వేడిగున్నది," అన్నాడు. ఆ చాయ్ అప్పటికే చల్లారిపోయింది.

*

అత్తమ్మ ఒకరోజు సకినాలు చేసి, "ఎంకటి ఇంట్ల ఇచ్చిరా కోడలా. పాపం, పెళ్లికి కూడా రాలే," అంది.

ఎంకటి వరసకు ఆయనకు అన్న. డ్రమ్ము మీద ఆయన కంటే ముందు పనిచేసింది అతనే. వాళ్ల వాకిట్లో అతని భార్య అంజవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎంకటి గోడకు ఆనుకుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. కుడిచెయ్యి మణికట్టు దగ్గర నుంచి, విరిగిన కొమ్మలా కిందికి వేలాడుతోంది.

"కొత్త కోడలొచ్చింది! లేచి దండం పెడుదమంటె చెయ్యి లేస్తలేదు మరదలా," అన్నాడు ఎంకటి.

"చెయ్యి లేవకున్నా నోరు మాత్రం మంచిగ లేస్తది," అంది అంజవ్వ, దారం తెంపుతూ. "ఎవరో చేతబడి చేసిండ్రని మూడు కోళ్లు కోసినం. కోళ్లు పోయినయి గాని చెయ్యి రాలే."

ఎంకటి పెద్దగా నవ్వాడు.

పై పళ్ల మొదట్లో, చిగురు మీద, నీలం గీత.

సకినాల గిన్నె అంజవ్వకు ఎట్లా ఇచ్చానో, ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. నాది అనుకున్న కాటుక గీత ఇంకొకరి నోట్లో చూశాను. "మిల్లుల పనిచేసేటోళ్లకు అందరికీ ఉంటదా ఆ గీత?" అని మాత్రం అడిగాను.

"డ్రమ్ము మీద ఉన్నోళ్లకు ఉంటది. మిల్లు పచ్చబొట్టు అంటం మేము," అన్నాడు ఎంకటి.

ఇంటికి వస్తున్నంతసేపూ ఎర్రనీళ్ల పళ్లెమే కళ్ల ముందు తిరిగింది. వంటింట్లో రెండు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో రత్నవ్వ ఇంటి పసుపు, రెండో దాంట్లో అత్తమ్మ డబ్బాలోని మిల్లు పసుపు. రెండింట్లోనూ సున్నం వేశాను. ఒకటి ఎర్రబడింది. రెండోది గుడ్డు సొనలా అట్లాగే కూర్చుంది. గిన్నె వంచితే, పైన తేటనీళ్లు, అడుగున ఇసుకలా బరువుగా పచ్చటి పొడి. పసుపు అట్లా మునగదు. పసుపు నీళ్లలో తేలుతుంది, మసకగా కలిసిపోతుంది.

అప్పటికి నేను ఆ పొడితోనే గడపలు పూశాను. మెడలోని పుస్తెల తాడుకు ప్రతి శుక్రవారం అదే పెట్టాను.

*

కాలేజీ ల్యాబులో బొగ్గు ముక్కలో గుంట చేసి, పొడీ సోడా కలిపి పెట్టి, మంట ఊదితే లోహం బయటపడేది. మా ల్యాబు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. కానీ బొగ్గు, ఊదుగొట్టం మా వీధి మలుపులోనే ఉన్నాయి. అవుసుల భీమన్న నగల పని దుకాణానికి పోయి, కాలి పట్టీ కొలికి వదులైందని కూర్చున్నాను.

పట్టీ బాగయ్యాక కాగితం పొట్లం విప్పాను. "మామా, దీన్ని వంటసోడతోని కలిపి బొగ్గు మీద ఊది చూపిస్తవా?"

"పసుపును ఊదుతె ఏమొస్తది బిడ్డా? మాడు వాసన వస్తది," అని నవ్వాడు. అయినా కొత్త పెళ్లికూతురి మాట కాదనలేక ఊదాడు. మాడు వాసన రాలేదు. పొడి కరిగి కుతకుతలాడింది. చుట్టూ బొగ్గు మీద పచ్చటి పొర పట్టింది. మధ్యలో ఆవగింజంత ఒక గుండు, మెరుస్తూ.

భీమన్న నవ్వు ఆగిపోయింది. గుండును పట్టకారుతో తీసి, చల్లార్చి, సుత్తితో ఒక దెబ్బ వేశాడు. అది మైనంలా చదునైపోయింది. కాగితం మీద గీస్తే పెన్సిల్ గీత పడింది.

"ఇది సీసం," అన్నాడు. "మా తాత దీన్ని కరిగిచ్చేటప్పుడు పిల్లల్ని గడప దాకా కూడా రానియ్యకపోయేది. ఎక్కడిదమ్మా ఈ పొడి?"

ఆ ఆవగింజను కాగితంలో చుట్టి కొంగున ముడేసుకున్నాను. అక్కడి నుంచి నేరుగా దవాఖానకు పోయాను. లేడీ డాక్టర్ గుండును చూసింది, కాగితం మీద గీసింది, ఆయన్ని తీసుకురమ్మంది. మరునాడు ఆయన్ని తీసుకొస్తే నోరు తెరిపించి చిగురు మీద టార్చి వేసింది.

"నేను గోళీలు ఇస్తనే ఉన్న," అంది మెల్లగా. "ఈ సీసం ఒంట్లకు పోయినంక రక్తాన్ని తయారు కానియ్యదు. ఎంత ఐరన్ పోసినా కారే కుండల పోసినట్టే. మందు తర్వాత సంగతి. ముందు ఆ పొడి కాడికి పోవుడు బంద్ చెయ్యాలె. లేకుంటె ఈయన చెయ్యి కూడ పడిపోతది."

*

ఆయన దారంతా సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు, ఎక్కలేదు. ఇంట్లో అత్తమ్మకు అంతా చెప్పాను. రెండు గిన్నెలు చూపించాను. గుండు చూపించాను.

అత్తమ్మకు కోపం గుండు మీద రాలేదు, నా మీద వచ్చింది. "పసుపును విషమంటవా? ముత్తైదువవు, కొత్త కోడలివి, నోట్లెకెళ్లి గా మాట ఎట్లొస్తున్నది నీకు? పదేండ్ల సంది ఆ మిల్లుల కూసోని కొమ్ములేరుతున్న. నువ్వు అడుగు పెట్టిన్నాడే నీళ్లు ఎర్రగాలే. నేనే నోరు మూసుకున్న!"

"నీళ్లు ఎందుకు ఎర్రగాలేదో అదే చెప్తున్న అత్తమ్మా."

"సదువుకున్న కోడలొద్దని అప్పుడే చెప్పిండ్రు నాకు!"

ఆయన మధ్యలోకి రాలేదు. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. పొద్దున సైకిల్ తుడుస్తుంటే వాకిట్లో అడ్డం నిలబడ్డాను.

"సుగుణా, జర జరుగు. డ్రమ్ము పోతె నాకింక విమానమే దిక్కు. నాయిన తీరుగ మస్కట్ పోయి, క్యాసెట్ల నీతోని మాట్లాడాల్నా? గట్లుంటవా నువ్వు?"

"మస్కట్ పోవద్దు. ఎంకటి బావ తీరుగ గోడకు ఆనుకోనూ వద్దు."

"మరి నడుమ ఏమున్నది?"

ఆ నడుమ ఏముందో నాకూ తెలియదు. ఆయన వెళ్లిపోయాడు. సాయంత్రం పచ్చగా తిరిగి వచ్చాడు. నా పెళ్లికొడుకు పసుపు రంగు చూసి మొదటిసారి నాకు ముహూర్తం గుర్తుకు రాలేదు. ఆయన అన్నం ముట్టకముందే కూర్చోబెట్టి, సబ్బు, కొబ్బరి పీచుతో గోళ్ల సందులన్నీ తోమాను. ఆయన ఒక్కో చెయ్యీ చాచి ఇచ్చాడు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తన చేతుల వైపు కూడా ఒకసారి చూసుకుంది.

ఆ వారం నేను ఖాళీగా కూర్చోలేదు. డ్రమ్ముల మీద, రంగు దగ్గర పనిచేసే పద్నాలుగు మంది ఇళ్లకూ పోయాను. కొత్త పెళ్లికూతురు ఇంటికి వస్తే ఎవరూ వద్దనరు, చాప వేసి కూర్చోబెడతారు. నేను వాళ్లను నవ్వించేదాన్ని. పద్నాలుగు మందిలో తొమ్మిది మందికి నీలం గీత కనబడింది.

*

ఉగాది ముందు శుక్రవారం మిల్లులో పూజ. ఏటా ఆ రోజు సేటు భార్య మిల్లుకు వచ్చి, డ్రమ్ములకు దండలు వేసి, పనివాళ్ల ఇళ్లలోని ముత్తైదువలందరికీ పసుపు, కుంకుమ, రవికె గుడ్డ ఇస్తుంది. ఆ ఏడు కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి మొదటి పసుపు. ఆ ఏడు కోడలు నేనే.

పొద్దున అత్తమ్మ నా జడలో పూలు పెడుతూ, "నోరు తెరువకు బిడ్డా, నీకు దండం పెడుత," అంది. నేను మాట ఇవ్వలేదు. ఆమె కూడా రెండోసారి అడగలేదు.

మిల్లు నిండా జనం. కొబ్బరికాయ కొట్టారు. మా ఆయన మోటారు స్విచ్ వేశాడు. డ్రమ్ము గుడగుడమని తిరగడం మొదలుపెట్టింది. సేటు భార్య మంచి మనిషి, నన్ను పీట మీద కూర్చోబెట్టి, "చదువుకున్నదట గదా! బంగారు బొమ్మ తీరుగున్నది," అని వెండి గిన్నెలోంచి మిల్లు పసుపు నా చేతిలో ఇంత పోసింది. ఎండలో ఆ పసుపు మెరిసిపోతోంది.

"రత్నవ్వా," అన్నాను, మాతో పాటు వచ్చి వెనక కూర్చున్న ఆమె వైపు తిరిగి. "నీ సున్నం డబ్బీ ఇయ్యి జర."

రత్నవ్వ పైకి లేచింది. గిన్నెడు నీళ్లు కూడా ఆమే తెచ్చింది. నా చేతిలోని పసుపు నీళ్లలో పోసి, సున్నం వేసి, తిప్పి, గిన్నెను అందరికీ కనబడేలా పట్టుకుంది. ఆ ఊళ్లో ఆడవాళ్లెవరికీ చెప్పాల్సిన పని లేదు. పసుపులో సున్నం పడితే ఏం కావాలో అందరికీ తెలుసు.

"ఎర్రగైతలేదేందే?"

"ఏమాయె?"

"దిగిపోయింది చూడు అడుగుకు, ఇసుక తీరుగ!"

బాబురావు సేటు గుంపును తోసుకుంటూ వచ్చాడు. "ఏంది లొల్లి? పూజ కాడ ఏం చదువు చూపిస్తున్నవమ్మా? గది ఫస్టు నంబరు పాలిష్ పసుపు. సున్నం ఖరాబైంటది."

"సున్నం నాది సేటూ," అంది రత్నవ్వ. "దాని పేరు తియ్యకు."

"సరే సేటు, సున్నమే ఖరాబైందనుకుందాం," అన్నాను. "పసుపు మంచిదే అంటున్నరు గదా. మాకు మొదటి పసుపు ఇచ్చిన అమ్మకు తిరిగి పెట్టకపోతె తప్పు."

పసుపు ఇచ్చిన ముత్తైదువకు తీసుకున్నవాళ్లు తిరిగి మెడకు పసుపు రాయడం ఆనవాయితీ. వెండి గిన్నెలోంచి మూడు వేళ్లతో పసుపు తీసుకుని సేటు భార్య మెడ వైపు చెయ్యి చాచాను. ఆమె నవ్వుతూ మెడ ముందుకు వంచింది.

సేటు చెయ్యి మధ్యలోకి వచ్చింది.

"ఆమెకు పెట్టకు," అన్నాడు.

అంతే అన్నాడు. పెద్దగా కూడా అనలేదు. సేటు భార్య వంచిన మెడ అట్లాగే ఉంచి భర్త మొహంలోకి చూసింది. "ఎందుకు?" అని అడిగింది. సేటు ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడమూ మరిచిపోయాడు.

డ్రమ్ము చప్పుడు ఆగిపోయింది.

అందరం తిరిగి చూశాం. మా ఆయన స్విచ్ దగ్గర నిలబడి ఉన్నాడు, కుడిచెయ్యి సరిగా లేవక ఎడమచేత్తో స్విచ్‌ను కిందికి నొక్కి పట్టుకుని. "మోటారు బంద్ చేసిన సేటూ," అన్నాడు, జ్వరం వచ్చిందని చెప్పినంత మామూలుగా.

"చేస్తె చేస్తివి! రేపు ఇంకోడు వస్తడు!"

"ఎవడొస్తడు?" అత్తమ్మ గొంతు అది. నేను అప్పటిదాకా ఆమె మిల్లులో అరవడం వినలేదు. "పదేండ్లు నీ గింజంత పసుపు కింద పడనీయలే నేను. కొడుకు పెళ్లికని కొంగున కట్టుకోని పోయిన. నా కోడలు వచ్చిన్నాడు ఇగ గిట్లనే ఎర్రగాలే. దాని అడుగు మంచిది కాదని మనసుల పెట్టుకున్న సేటూ! దాని మీద నింద వేసిన!"

ఆమె పాలిష్ రంగు సంచి దగ్గరికి పోయింది. రెండు చేతులా ఎత్తబోయి, ఆగి, కొంగు మూతికి కట్టుకుని, ఒక గోనెపట్టా దాని మీద కప్పి, సంచి నోరు బిగించి కట్టి, ఈడ్చుకుంటూ గేటు బయట పెట్టింది. ఎవరూ ఆమెకు సాయం పోలేదు. ఎవరూ అడ్డం కూడా రాలేదు. ఆమె తిరిగి లోపలికి రాలేదు. ఒక్కొక్కరే లేచి ఆమె వెనకే బయటికి నడిచారు.

*

పదకొండు రోజులు మిల్లు నడవలేదు.

సేటు వేరే ఊరి నుంచి మనుషుల్ని పిలిపించాడు. గేటు ముందు ఎంకటి కూర్చున్నాడు, వేలాడే చెయ్యి ఒళ్లో పెట్టుకుని. వచ్చినవాళ్లను నవ్వుతూ పలకరించి, "ఇగో, ఇది చూసి లోపటికి పోండి," అని చిగురు చూపించేవాడు. వాళ్లు చూసి తిరిగి బస్సెక్కేవాళ్లు. "కొలువు దొరికింది నాకు," అనేవాడు ఎంకటి. అంజవ్వ చాటతో సహా వచ్చి పక్కన కూర్చుని, "జీతం లేని కొలువు," అంటూ అక్కడే బీడీలు చుట్టేది.

ముప్కాల్ నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన రైతులకు మా మీద కోపం వచ్చింది. వాళ్ల కొమ్ములు గోనెల్లో ఉన్నాయి, ఆకాశంలో మబ్బులున్నాయి. ఒక రైతు నా మీదికే వచ్చాడు. "రంగు లేకుంటె మహారాష్ట్ర సాంగ్లీ సరుకు ముందట నా పసుపు మొహం ఎవడు చూస్తడమ్మా?"

"నీ చేన్ల పసుపు సున్నంల ఎర్రగైతదా పెద్దయ్యా?"

"ఎందుకు కాదు! నేను పండిచ్చింది!"

"మరి దాని మీద ఎర్రగాని పొడి చల్లిచ్చుకుంటవా?"

అతను తన గోనెలోంచి ఒక కొమ్ము విరిచి, రత్నవ్వ డబ్బీ అడిగి సున్నంలో రాసి చూసుకున్నాడు. ఎర్రగా అయింది. ఆ కొమ్మును జేబులో వేసుకుని సేటు ఇంటి వైపు పోయాడు. అతని వెనక ఇంకో నలుగురు పోయారు.

పన్నెండో రోజు పొద్దున సేటు, మేమంతా చేరిన రత్నవ్వ అరుగు దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు.

"ఆ పొడి రాదు," అన్నాడు. "ఇగ వస్తరా లేదా?"

రత్నవ్వ ఆకుకు సున్నం రాసుకుంటూ, "ఏ సంచి వచ్చినా గేటు బయట విప్పాలె సేటూ," అంది. "నా సున్నంల ఎర్రగైతెనే లోపటికి. డ్రమ్ము కాడ సబ్బు పెట్టాలె. డాక్టరమ్మ వచ్చి అందరి రగతం చూడాలె."

"నువ్వెవరే నా సంచి విప్పనీకి?"

"సున్నం ఉన్నదాన్ని," అంది.

అప్పటి నుంచి అట్లాగే జరిగింది. నెల తిరగకుండానే సేటు సగం మంచి పసుపు, సగం ఆ పొడి కలిపి పంపించాడు. నీళ్లు ఎర్రబడ్డాయి కూడా. కానీ నేను గాజు గ్లాసుతో పోయాను. కదపకుండా ఉంచితే బరువైన పచ్చదనం ఎర్రనీళ్ల అడుగున కూర్చుంది. ఆ సంచీ వెనక్కి పోయింది. ఆ తర్వాత గేటు దగ్గర డబ్బీతో పాటు గ్లాసు కూడా వచ్చి చేరింది.

ఎంకటి చెయ్యి పూర్తిగా లేవలేదు. రెండు వేళ్లు కదిలాయి. ఆ రెండు వేళ్లతో సకినం పట్టుకుని నాకు చూపించి తిన్నాడు.

వైశాఖంలో మేము మళ్లీ సిద్ధులగుట్ట ఎక్కాం. ఆయన నాలుగు చోట్ల కూర్చున్నాడు. నేను ప్రతిచోటా ఏదో ఒకటి చెప్పి నవ్వించి, చిగురు చూశాను. గీత ఉంది. కానీ ఉతికిన సిరా మరకలా పలచబడింది.

"ఏం చూస్తున్నవే ఊకె?"

"ఏం లేదు. ఇంకోపారి నవ్వుండ్రి."

ఆ ఏడు పసుపు సీజను ఆఖరి రోజు అత్తమ్మ మిల్లు నుంచి కొంగు ముడితో వచ్చింది. విప్పితే, కొమ్ములు నూరిన పసుపు. మెరుపు లేదు, మట్టి వాసన ఉంది. ఇత్తడి పళ్లెం తీసింది. "ఆనాడు నా చేతి పసుపు ఎర్రగాలే. రండి ఇద్దరు, నిలబడుండ్రి," అని మమ్మల్ని గడప బయటికి తోసింది. రత్నవ్వ పిలవకుండానే డబ్బీతో వచ్చింది.

అత్తమ్మ సున్నమంటిన వేలి కొస నీళ్లకు తగిలీ తగలకముందే పళ్లెమంతా ఎర్రగా అయిపోయింది. ఆమె పళ్లెం దించలేదు. అట్లాగే పట్టుకుని చూస్తూ నిలబడింది.

చీర కుచ్చెళ్ల కింద, ఈసారి నేనే ఆయన బొటనవేలు తొక్కాను.